తడి ఆకు లెక్క: స్ప్రింక్లర్ తిరుగుతుండగా పైరు మీది నుంచి పోయే నీటిని కొలవడం

స్ప్రింక్లర్ పెడితే ముప్ఫై శాతం నీళ్లు ఆవిరైపోతాయన్న మాట తరచూ వినిపిస్తుంది. ఈ మాట అన్నవాళ్లు డబ్బాలు పెట్టి కొలిచే ఉంటారు, అబద్ధమేమీ చెప్పరు. పంపు నుంచి వెళ్లిన నీటికీ, డబ్బాల్లో పడ్డ నీటికీ మధ్య ముప్ఫై శాతం తేడా నిజంగానే కనిపించి ఉంటుంది. తప్పంతా ఆ తేడాకు పెట్టిన పేరులోనే ఉంది.

నమ్మేముందు వేడి లెక్క వేసి చూడండి. ఒక కిలో నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2.45 మెగాజౌళ్ల వేడి కావాలి. నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే చదరపు మీటరుకు ఒక లీటరు. గంటకు 6 మి.మీ. కురిపించే స్ప్రింక్లర్ నీటిలో ముప్ఫై శాతం అంటే గంటకు 1.8 మి.మీ. అది ఆవిరి కావడానికి చదరపు మీటరుకు సుమారు 1,225 వాట్లు కావాలి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కూడా నేల మీద పడే సూర్యరశ్మి దాదాపు 1,000 వాట్లే. ఆకు మీద పడి వెనక్కి పరావర్తనమయ్యేది, వేడిగా తిరిగి ప్రసరించేది తీసేస్తే పైరుకు నికరంగా మిగిలేది 500 నుంచి 600 వాట్లు. దాంతో గంటకు 0.75 నుంచి 0.9 మి.మీ. వరకు ఆవిరి చేయవచ్చు. పక్కన ఎండిన నేల మీదుగా వడగాలి వస్తుంటే అది ఇంకొంత వేడి మోసుకొస్తుంది, అప్పుడు ఒక మిల్లీమీటరు దాటవచ్చు. 1.8 మాత్రం ఊరికే రాదు. డబ్బాల్లో తగ్గిన దాంట్లో చాలా భాగం గాలికి కొట్టుకుపోయి అవతల పడ్డ తుంపర. ఇంకొంత డబ్బా అంచు మీదుగా గాలి ఎగదన్నడం వల్ల లోపల పడకుండా తప్పించుకున్నది. స్ప్రింక్లర్ నీరు పొలమంతా ఎంత సమానంగా పడుతోందో చెప్పే గుణకాన్ని ఇచ్చిన క్రిస్టియన్‌సెన్ 1942లోనే తన కాలిఫోర్నియా బులెటిన్‌లో, చినుకు గాల్లో ఎగిరే సమయంలో ఆవిరయ్యేది స్వల్పమేనని తేల్చాడు.

చినుకు గాల్లో ఉండేది ఒకటి రెండు సెకన్లు. అదే నీరు ఆకు మీద పొరలా పరుచుకుని గంటల తరబడి ఉంటుంది. బాగా పెరిగిన మొక్కజొన్నలో ఒక చదరపు మీటరు నేల మీద నాలుగైదు చదరపు మీటర్ల ఆకు ఉంటుంది. కాబట్టి ఆవిరి కథ ఎక్కువగా నడిచేది ఆకు మీదే, కొలవాల్సింది కూడా అక్కడే.

దీన్ని మూడు ముక్కలుగా చూడాలి. స్ప్రింక్లర్ తిరుగుతున్నంతసేపూ తడి ఆకు మీది నుంచి పోయేది మొదటిది. ఆపిన తర్వాత ఆకు మీద మిగిలిపోయి, ఆరేదాకా పోయేది రెండోది. మూడోదాన్నే చాలామంది మరిచిపోతారు: ఆకు తడిగా ఉన్నంతసేపూ మొక్క తన వేర్ల నుంచి తోడి పత్రరంధ్రాల ద్వారా వదిలే నీరు బాగా తగ్గిపోతుంది. ఎండ ఇచ్చే వేడి ఒక్కటే. అది ఆకు మీది నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయితే లోపలి నీటిని లాగడానికి మిగలదు. దానికి తోడు చుట్టూ గాలి చల్లబడి, తేమ పట్టి ఉంటుంది. అంటే మొదటి రెండూ ఖర్చు, మూడోది పొదుపు. ఖర్చు మాత్రమే రాసి పొదుపు రాయని లెక్కను నేను లెక్క కింద తీసుకోను.

ఆకు ఎంత నీరు పట్టుకుంటుందో ముందు తెలుసుకోవాలి. దీనికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు, ఒక గ్రాము తేడా చూపించే కాటా చాలు. మంచు ఆరిపోయాక మొక్కను మొదట్లో కోసి, కోసిన చోట వెంటనే మైనం పూసి లేదా టేపు చుట్టి మూసేయాలి. లేకపోతే అక్కడి నుంచి నీరు పీల్చుకోవడమో కారడమో జరిగి తూకం చెడుతుంది. పొలంలో నిలబడ్డట్టే నిటారుగా కాటాకు వేలాడదీసి పొడి బరువు రాసుకోండి. పొలంలో వాడే నాజిల్‌నే, అదే ఒత్తిడితో పెట్టి తడపాలి. చేతి స్ప్రేయర్ వాడకూడదు. దాని సన్నటి తుంపర ఆకు మీద పూసల్లా నిలబడిపోతుంది. స్ప్రింక్లర్ పెద్ద చినుకు ఆకును కొట్టి, ఊపి, ఉన్న పూసల్ని కూడా రాల్చేస్తుంది. చేతి స్ప్రేయర్‌తో కొలిచిన అంకె ఎక్కువ చూపడానికి కారణం అదే. తడిపాక కారడం ఆగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగి తడి బరువు తీయాలి. ఒక్కో మొక్కకు 150 గ్రాముల తేడా వచ్చి, చదరపు మీటరుకు ఎనిమిది మొక్కలుంటే 1,200 గ్రాములు, అంటే 1.2 మి.మీ. ఒక్కో చదరపు మీటరు ఆకుకు 0.2 మి.మీ. అన్న మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది. మీకొచ్చిన అంకె దానికి మూడింతలు దాటితే కొలతలో ఏదో జరిగిందనుకోవాలి.

మొక్కజొన్నలో జరిగే ఆ ‘ఏదో’ చాలావరకు మొవ్వులోనూ, ఆకు కాండాన్ని అంటుకునే సందులోనూ ఉంటుంది. అక్కడ నీరు చిన్న గిన్నెలో నిలిచినట్టు నిలుస్తుంది. తూకంలో అది కూడా వస్తుంది కానీ ఆకు మీది పొరలా రెండు గంటల్లో ఆరిపోదు, మర్నాటి దాకా ఉంటుంది. మొక్కను ఒకసారి తలకిందులు చేసి ఆ నీటిని గిన్నెలో పట్టి విడిగా తూచండి. ఈ రెంటినీ కలిపేస్తే తర్వాత ఆరే సమయం లెక్క కుదరదు.

ఇక పొలంలో నీటి పద్దు. పైరు మీద పడ్డది ఎంత, ఆకుల సందుల్లోంచి నేల మీద రాలింది ఎంత, కాండం వెంట జారింది ఎంత. మొదటి దాంట్లోంచి మిగతా రెండూ తీసేస్తే ఆకు మీద పోయింది వస్తుంది. వినడానికి ఇంత తేలికైన పద్ధతి లేదు, చేయడానికి ఇంత మోసకారి పద్ధతీ లేదు.

పైన పెట్టే డబ్బాల అంచు పైరు కొసలతో సమానంగా, మట్టసంగా ఉండాలి. కిందికి దిగితే పక్క ఆకులు అడ్డుపడతాయి, బాగా పైకి లేస్తే గాలి ఎక్కువై పట్టు తగ్గుతుంది. డబ్బాలో పడ్డ నీరు కూడా ఆవిరవుతుందని మరవకండి. గరాటు పెట్టి సన్నమూతి సీసాలోకి దింపితే మేలు. లేదా అడుగున కాస్త డీజిల్ పోస్తే అది నీటిపైన పొరగా తేలి ఆవిరిని ఆపుతుంది. అదీ కాకపోతే 100 మిల్లీలీటర్లు కొలిచి పోసిన డబ్బా ఒకటి తుంపర పడని చోట పెట్టి, ఎంత తగ్గిందో చూసి కలపాలి. తుంపర పడని చోట ఎండా గాలీ ఎక్కువ కాబట్టి ఈ సవరణ కొంచెం ఎక్కువగానే వస్తుంది.

ఆకుల కింద గుండ్రటి డబ్బాలు పనికిరావు. ఆకు కొస ఎక్కడ వంగితే అక్కడ ధార కడుతుంది. ఒక డబ్బాలో పొంగుతుంది, జానెడు దూరంలోని డబ్బా ఎండి ఉంటుంది. సాలుకూ సాలుకూ మధ్య 75 సెంటీమీటర్లు ఉంటే, ఆ వెడల్పంతా కప్పేట్టు ఒక సాలు నుంచి పక్క సాలు దాకా అడ్డంగా, కాస్త వాలుగా రేకు తొట్టి పెట్టి చివర పీపాలోకి దింపాలి. కాండం వెంట జారే నీటికి పలుచటి ప్లాస్టిక్ షీటును గరాటులా చుట్టి, కాండానికి ఆనిన చోట సిలికాన్ పూసి, చిన్న గొట్టంతో సీసాలోకి వదలాలి. ఇక్కడ చేసే తప్పు సీసా పరిమాణం. మొక్కజొన్న ఆకులు నీటిని కాండం వైపే నడిపిస్తాయి, పడ్డ నీటిలో మూడో వంతో అంతకన్నా ఎక్కువో అటే పోవచ్చు. నాలుగు గంటల్లో పెట్టిన 24 మి.మీ. తడికి 8 మి.మీ. కాండం వెంట జారిందనుకోండి. చదరపు మీటరుకు 8 లీటర్లు, ఎనిమిది మొక్కలు, అంటే మొక్కకు ఒక లీటరు. అరలీటరు సీసా పెట్టినవాళ్లకు రెండు గంటల్లోనే పొంగి, మిగిలిందంతా ఆకు మీద ఆవిరైన పద్దులోకి వెళ్లిపోతుంది.

ఇదంతా జాగ్రత్తగా చేసినా అంకెలు చూడండి. పైన 24, సందుల్లోంచి 12, కాండం వెంట 8.2. తేడా 3.8 మి.మీ. పైన కొలతలో 5 శాతం పొరపాటంటే 1.2. కింది రెంటిలో 10 శాతం చొప్పునంటే 1.2, 0.8. మూడూ ఒకే వైపు తప్పవు కాబట్టి ఊరికే కూడకుండా, వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే పొరపాటు దాదాపు 1.9 మి.మీ. కొలిచింది 3.8, అందులో అనుమానం సగం. పెద్ద అంకెల్లోంచి పెద్ద అంకెలు తీసేసి చిన్న అంకె రాబట్టే ప్రతి పద్ధతికీ ఉండే జబ్బే ఇది. అయినా ఈ పద్దు వేయమనే అంటాను, ఎందుకంటే మిగతా పద్ధతుల్లో ఘోరమైన తప్పు దొర్లితే పట్టిచ్చేది ఇదే.

నీటిలో కాస్త ఉప్పు కలిపి, డబ్బాలో పడ్డ నీటి విద్యుత్ వాహకత ఎంత పెరిగిందో చూసే పద్ధతి ఇంకొకటి ఉంది. నీరు ఆవిరైతే ఉప్పు చిక్కబడుతుంది, గాలికి కొట్టుకుపోతే చిక్కబడదు. చినుకు గాల్లో కోల్పోయింది ఆవిరా, కొట్టుకుపోవడమా అన్నది తేల్చడానికి చక్కటి ఉపాయం. ఆకుల కింద పట్టిన నీటికి మాత్రం దీన్ని వాడకండి. తడిసిన ఆకు నుంచి పొటాషియం లాంటి లవణాలు నీటిలోకి దిగుతాయి, ఆకు మీది దుమ్మూ కలుస్తుంది. వాహకత పెరిగింది కదా అని ఆవిరి కింద రాసేస్తే అంతే సంగతులు.

నేలను పైరుతో సహా తూచే లైసిమీటరు ఉంటే వేరే సంగతి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం బుష్‌లాండ్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 3 మీటర్లు × 3 మీటర్ల లైసిమీటర్లు నాలుగు ఉన్నాయి. తొమ్మిది చదరపు మీటర్ల మీద ఒక మిల్లీమీటరంటే 9 కిలోలు. 0.05 మి.మీ. పట్టుకోవాలంటే టన్నుల బరువు మీద 450 గ్రాముల తేడా చూడాలి. స్ప్రింక్లర్ ఆపిన క్షణం నుంచి దీన్ని మించిన సాధనం లేదు, ఆకు ఆరుతున్నకొద్దీ గీత దిగుతూ కనిపిస్తుంది. స్ప్రింక్లర్ తిరుగుతున్నప్పుడు మాత్రం ఇదీ గుడ్డిదే. గంటకు 6 మి.మీ. వచ్చి పడుతుంటే, 0.7 పోతుంటే, కాటా చూపేది 5.3. వచ్చి పడేది ఎంతో తెలియాలంటే మళ్లీ డబ్బాలనే అడగాలి. వాటిలో 5 శాతం తప్పు ఉన్నా గంటకు 0.3 మి.మీ., అంటే కొలవాలనుకున్న దాంట్లో దాదాపు సగం.

అందుకే మూడో ముక్కను, అంటే మొక్క లోపల పారే నీటిని, నేరుగా కొలవాలి. దీనికి సాప్ ఫ్లో గేజ్ వాడతారు. కాండం చుట్టూ హీటర్ పట్టీ చుట్టి నిరంతరం వేడిచేస్తూ, ఆ వేడి ఎటు పోతోందో చూసే పద్ధతి ఇది. జపాన్ శాస్త్రవేత్త సకురతాని 1981లో దీన్ని ప్రతిపాదించాడు. ఇచ్చిన వేడి మూడు దారుల్లో పోతుంది: కాండం వెంట పైకీ కిందికీ పాకేది, చుట్టూ ఉన్న కార్కు, ఫోమ్ గుండా బయటికి పోయేది, లోపల పారే నీరు మోసుకెళ్లేది. మొదటి రెంటినీ థర్మోకపుల్స్‌తో, అంటే ఉష్ణోగ్రత చూపే సన్నటి జంట తీగెలతో, కొలిచి తీసేస్తే మూడోది మిగులుతుంది.

ఉదాహరణకు హీటర్‌కు 0.35 వాట్లు ఇస్తున్నాం. చుట్టూ పోయేది 0.08, కాండం వెంట పాకేది 0.02. నీరు మోసుకెళ్లేది 0.25 వాట్లు. హీటర్‌కు పైనా కిందా ఉష్ణోగ్రత తేడా 3 డిగ్రీలు. నీటి విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి 4.186 జౌళ్లు. 0.25ను 4.186 × 3తో భాగిస్తే సెకనుకు 0.02 గ్రాములు, గంటకు సుమారు 72 గ్రాములు. ఎనిమిది మొక్కలకు 575 గ్రాములు, గంటకు 0.57 మి.మీ. ఎండలో మంచి మొక్కజొన్నకు సబబైన అంకె. స్ప్రింక్లర్ మొదలయ్యాక అదే మొక్క గంటకు 15 గ్రాములకు పడిపోతే, నేల లెక్కన 0.12 మి.మీ.

గేజ్ కట్టడంలోనే పని సగం ఉంది. ఊతవేర్లకు పైన, కణుపుల మధ్య నున్నగా ఉన్న భాగాన్ని ఎంచుకోవాలి. అక్కడి ఆకు తొడుగును చీల్చి పూర్తిగా తీసేయాలి. తొడుగు మీదే కడితే కాండానికీ హీటర్‌కూ మధ్య గాలి పొర మిగులుతుంది, ఆ పొరలోకి నీరూ చేరుతుంది. తొడుగు తీసిన చోట మెత్తగా, తడిగా ఉంటుంది, ఆరనివ్వాలి. గోటితో గీరకూడదు. విద్యుత్తును పారనివ్వని సిలికాన్ గ్రీజును పలుచగా రాయాలి. థర్మోకపుల్ కాండానికి ఆనడానికీ, తుప్పు పట్టకుండా ఉండటానికీ అది చాలు, దట్టంగా పూస్తే వేడి పక్కదారి పడుతుంది. హీటర్ పట్టీ కాండం చుట్టూ పూర్తిగా రావాలి. సందు మిగిలితే ఆ వైపు నాళాల్లో పారే నీరు లెక్కకు రాదు. కాండం మందాన్ని రెండు వైపులా కొలిచి సగటు తీయండి, మొక్కజొన్న కాండం కచ్చితమైన గుండ్రం కాదు. పైనుంచి ఫోమ్ ముక్కలు, ఆపైన గాలి బుడగల అల్యూమినియం రేకును నేల దాకా చుట్టాలి. కిందిభాగం వదిలేస్తే నేల వేడి కాండంలోంచి పాకి వస్తుంది.

ఎండలో పెట్టే గేజ్‌కు ఇంతవరకు చాలు. స్ప్రింక్లర్ కింద పెట్టేదానికి చాలదు. పైన చెప్పిన ఒక లీటరు గుర్తుందా? నాలుగు గంటల్లో సరిగ్గా ఈ కాండం వెంటే, ఈ గేజ్ మీదుగానే ఆ నీరంతా దిగుతుంది. ఒక చెంచాడు లోపలికి చొరబడితే చాలు, చల్లటి నీరు హీటర్ వేడిని తాగేస్తుంది. ఆ వేడి చుట్టూ పోయినట్టుగానీ కాండం వెంట పాకినట్టుగానీ థర్మోకపుల్స్‌కు కనిపించదు. అందుకని లెక్కలో అదంతా ‘నీరు మోసుకెళ్లింది’ అన్న గడిలో పడుతుంది. కాగితం మీద మొక్క స్ప్రింక్లర్ మొదలవగానే ఎక్కువ నీరు తాగుతున్నట్టు కనిపిస్తుంది, పొలంలో జరిగేదానికి పూర్తి వ్యతిరేకం. తడి పెట్టిన పది నిమిషాల్లో గీత పైకి లేచిందంటే కొత్త సంగతి కనిపెట్టామని సంబరపడకుండా గేజ్ విప్పి చూడండి. నివారణ తేలికే: గేజ్‌కు పైన ఒక అరచేతి ఎత్తులో, కాండం నీరు పట్టే గరాటునే కట్టి నీటిని పక్కకు దించేయాలి. దాంతో రెండు పనులూ అవుతాయి. గేజ్ పై అంచున మెత్తటి పుట్టీ అద్ది, దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. కేబుల్‌ను గేజ్ నుంచి తిన్నగా అంకెలు నమోదు చేసే లాగర్‌కు లాగకుండా ముందు కిందికి వేలాడదీసి తర్వాత ఎత్తాలి, లేకపోతే నీరు తీగె వెంట పాకి కనెక్టర్‌లోకి చేరుతుంది.

గేజ్ చుట్టూ పోయే వేడికి ఒక స్థిరాంకం కావాలి. మొక్క లోపల నీరు పారడం లేదనుకున్న వేళ, అంటే తెల్లవారుజామున, దాన్ని రాబడతారు. పొడిగాలి వీచే రాత్రుల్లో మొక్క నిజంగా ఆగదు. ఆ రాత్రి స్థిరాంకాన్ని నమ్మితే పగటి అంకెలన్నీ తక్కువగా వస్తాయి. గాలి లేని, తేమ ఎక్కువున్న రాత్రిని ఎంచుకోండి. అనుమానంగా ఉంటే మొక్క తలకు ప్లాస్టిక్ సంచి తొడిగి చూడవచ్చు. గేజ్ విప్పి మళ్లీ కట్టిన ప్రతిసారీ స్థిరాంకం మారుతుంది.

బావి నీరు చల్లగా ఉంటుంది. అది నేలలోకి ఇంకాక వేర్ల నుంచి వచ్చే నీరు కూడా చల్లబడి, హీటర్ పనితో సంబంధం లేకుండానే కాండంలో ఉష్ణోగ్రత తేడా పుట్టిస్తుంది. వేడి చేయని గేజ్ ఒకటి పక్క మొక్కకు కట్టి ఉంచితే ఆ సహజమైన తేడా ఎంతో తెలుస్తుంది, దాన్ని తీసేయవచ్చు. వేడి చేసే గేజ్‌లలో హీటర్ పైనా కిందా తేడా 8 డిగ్రీలు దాటకుండా కరెంటు తగ్గించండి, లేకపోతే కాండం ఉడుకుతుంది. వారం, పది రోజులకోసారి విప్పి ఆరబెట్టాలి. వెచ్చగా, తడిగా ఉన్న ఆ చోట బూజు పడుతుంది, కణుపు దగ్గరైతే వేర్లు కూడా మొలుస్తాయి.

గేజ్ కొలిచేది కాండం మొదట్లో పారే నీటిని, ఆకు వదిలేదాన్ని కాదు. మధ్యలో కాండంలో నిల్వ ఉంటుంది. స్ప్రింక్లర్ పెట్టగానే ఆకు ఆగినా, కాండం తన కొరత నింపుకునేదాకా కింద పారుతూనే ఉంటుంది. కాబట్టి పది నిమిషాల అంకెలతో వాదనలు పెట్టుకోకండి, గంట లెక్కన, ఇంకా మంచిది మొత్తం తడి సమయం లెక్కన చూడండి. మొక్కల ఎంపికలోనూ ఒక వంపు ఉంది. గేజ్ బాగా పట్టే లావుపాటి నున్నటి కాండాన్నే చెయ్యి వెతుక్కుంటుంది, దానికి ఆకు ఎక్కువ. అందుకే మొక్కల సంఖ్యతో గుణించకుండా ఆకు విస్తీర్ణంతో గుణించాలి. మొక్కజొన్న ఆకుకు పొడవు × గరిష్ఠ వెడల్పు × 0.75 చాలు. ఒక్కో మడికి ఆరు నుంచి ఎనిమిది గేజ్‌లకు తగ్గకూడదు.

పొదుపు అంటున్నాం కదా, దేనితో పోల్చి? తడపని మడితో. ఈ పోలిక మడి దగ్గర జరిగే తప్పు గేజ్‌లో జరిగే తప్పుకన్నా పెద్దది. తడి మడికి గాలివాలులో ఉన్న పోలిక మడి పనికిరాదు. తుంపర పడకపోయినా చల్లటి తేమగాలి తగిలి అక్కడి మొక్కలు కూడా నెమ్మదిస్తాయి, పొదుపు తక్కువగా కనిపిస్తుంది. గాలి వచ్చే వైపు, దూరంగా ఉండాలి. దానికి నీటి ఎద్దడి కూడా ఉండకూడదు. తడి పెట్టాల్సిన రోజుకు రెండు మడులూ ఎండి ఉంటే, పోలిక మడి మొక్కలు మధ్యాహ్నానికి ఆకులు చుట్టేసి అప్పటికే సగం నీళ్లే వాడుతుంటాయి. వాటితో పోలిస్తే తడి మడి పొదుపు చేసింది ఏమీ లేదనిపిస్తుంది. రెండు రోజుల ముందు పోలిక మడికి నేల మీదుగా నీరు పెట్టి సిద్ధం చేసుకోవాలి.

ఆకు ఎప్పుడు ఆరిందో తెలియడానికి కృత్రిమ ఆకు లాంటి తడి సెన్సర్లు ఉన్నాయి. పై ఆకు, నడిమి ఆకు, కింది ఆకు ఎత్తుల్లో మూడు పెట్టాలి. పైది ఆరిన గంటకు కూడా కిందివి తడిగా ఉంటాయి. వీటికన్నా నాకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మీద గురి ఎక్కువ. తడి ఆకుల ఉష్ణోగ్రత గాలి తడిబల్బు ఉష్ణోగ్రత దగ్గరికి, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే అంకె దగ్గరికి, దిగి ఉంటుంది. ఆరుతున్నకొద్దీ పైకి లేచి పోలిక మడిని కలుస్తుంది. ఆ కలిసిన వేళే ఆరిన వేళ. వాలుగా చూసేట్టు పెట్టండి, నిలువుగా చూస్తే సాళ్ల మధ్య నేల కూడా కనిపించి అంకె చెడుతుంది. కటకం మీద చుక్క పడకుండా చిన్న గొట్టం తొడగాలి. పత్రరంధ్రాలు వదిలే ఆవిరిని కొలిచే పోరోమీటరును మాత్రం తడి ఆకు మీద పెట్టకండి, దాని గదిలో నిండేది ఆకు మీది నీటి ఆవిరే, పత్రరంధ్రాల నుంచి వచ్చింది కాదు.

గాలి సుడులు మోసుకెళ్లే తేమను కొలిచే ఎడ్డీ కోవేరియన్స్ ఉంటే మొత్తం ఆవిరిని, అంటే ఆకు మీదిదీ లోపలిదీ కలిపి, గాలిలోనే కొలవవచ్చు. సెకనుకు 10 లేదా 20 సార్లు గాలి వేగాన్ని, తేమను చదివే పరికరాలివి. పెద్ద పొలం కావాలి, పైరుకు పైన సెన్సర్ ఎంత ఎత్తులో ఉందో దానికి వంద రెట్ల దూరం వరకు గాలి వచ్చే వైపు అదే తడి పైరు ఉండాలి. రైజర్లు, అంటే స్ప్రింక్లర్ నిలబెట్టే గొట్టాలు, మార్చుకుంటూ తడిపే చిన్న పట్టీల్లో ఇది కుదరదు. గాలిలో తేమను చదివే ఓపెన్ పాత్ గ్యాస్ ఎనలైజర్ అద్దం మీద చుక్క పడ్డంతసేపూ అంకెలు పారేయాల్సిందే. అందుకని ధ్వనితో గాలి వేగాన్ని కొలిచే సోనిక్ ఎనిమామీటరుతో గాలిని వేడిచేయడానికి పోయే వేడిని మాత్రం కొలిచి, నికర రేడియేషన్‌లోంచి దాన్నీ నేలలోకి పోయేదాన్నీ తీసేసి మిగిలింది ఆవిరి కింద రాస్తారు. సన్నతీగె థర్మోకపుల్‌ను దీనికి జతచేయకండి, తడిసిన తీగె గాలి ఉష్ణోగ్రతకు బదులు తడిబల్బు ఉష్ణోగ్రత చూపిస్తుంది. ఈ పరికరాలేవీ లేనివాళ్లకు, వాతావరణ కొలతల నుంచి ఆవిరిని లెక్కగట్టే పెన్‌మన్-మాంటీత్ సమీకరణం ఉంది. ఆకు తడిగా ఉన్నంతసేపూ పైరు నిరోధాన్ని, అంటే ఆవిరి బయటికి రాకుండా పైరు పెట్టే అడ్డును, సున్నా చేసి లెక్కిస్తే తడి ఆకు ఆవిరి వస్తుంది, ఆరాక మామూలు నిరోధం పెట్టాలి. వాతావరణ కొలతలు మాత్రం ఆ మడిలోవే కావాలి, ఎక్కడో ఎండిన ఆవరణలోవి పెడితే ఆవిరి ఎక్కువగా వస్తుంది.

ఇప్పుడు పద్దు కలుపుదాం. పగలు నాలుగు గంటలు, గంటకు 6 చొప్పున 24 మి.మీ. తడి. తిరుగుతుండగా ఆకు మీది ఆవిరి గంటకు 0.65, మొత్తం 2.6. ఆపాక ఆరేదాకా రెండు గంటల్లో పోయేది, కాటాలో తూచిన 1.2. ఖర్చు 3.8, పదహారు శాతం. పోలిక మడి గంటకు 0.5 వదులుతుంటే తడి మడి 0.1 దగ్గర ఉంది, నాలుగు గంటలకు పొదుపు 1.6. ఆరే రెండు గంటల్లో సగటున 0.25 చొప్పున ఇంకో 0.5. పొదుపు 2.1. నికరంగా పోయింది 1.7 మి.మీ., ఏడు శాతం. పదహారు అన్నవాళ్లూ ఏడు అన్నవాళ్లూ ఒకే పొలాన్ని కొలిచి ఉండవచ్చు. సాప్ ఫ్లో గేజ్ కట్టారా లేదా అన్నదే తేడా. లాగర్ల గడియారాలు మాత్రం అన్నీ ఒకే నిమిషం చూపించాలి. లైసిమీటరుది ఒకటి, గేజ్‌ది ఇంకొకటి పావుగంట తేడాతో నడిస్తే ఆరే వేళ లెక్క మొత్తం పక్కకు జరిగిపోతుంది.

రాత్రి పెడితే మొదటి ముక్క దాదాపు లేకుండా పోతుంది. ఎండ లేదు, గాలి కూడా పడిపోతుంది, నాలుగు గంటలకు 0.3 మి.మీ. పోతే ఎక్కువ. పొడిగాలి రాత్రంతా వీచే చోట్ల ఈ మాట చెల్లదు. ఆకు మీద మిగిలిన 1.2 మి.మీ. మాత్రం ఉంటుంది, తెల్లవారాక ఆరుతుంది. ఆ ఉదయం గేజ్ గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక మడి మొక్కలు పొద్దెక్కగానే లేస్తాయి, తడి మడివి గంటో రెండు గంటలో ఆలస్యంగా లేస్తాయి. ఆ రెండు గీతల మధ్య చిక్కిన జాగా ఎంతో, ఆ 1.2లో మొక్క మిగుల్చుకున్నది అంత.

ఆ 1.2 నీరు పెట్టిన ప్రతిసారీ కట్టాల్సిన రుసుము. 24 మి.మీ. ఒకేసారి ఇస్తే ఒక్కసారే కడతాం. అదే 24ను రోజుకు 6 చొప్పున నాలుగు రోజులు ఇస్తే 4.8. పొలం నడుమ ఇరుసు చుట్టూ పొడవాటి గొట్టం తిరుగుతూ తడిపే సెంటర్ పివోట్ కింద ఒక్కో మొక్క తడిసేది కొద్ది నిమిషాలే కాబట్టి తిరుగుతుండగా పోయేది అక్కడ నామమాత్రం, దాదాపు ఖర్చంతా ఈ రుసుమే. అలాంటి చోట పరికరాల కోసం డబ్బు తక్కువుంటే ఒక మంచి కాటా, ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, ఆరు గేజ్‌లు కొనుక్కుని ఎడ్డీ కోవేరియన్స్‌ను వదిలేయవచ్చు.